పొగతాగే అలవాటు: లేదు

మా అమ్మ కేస్ షీటు నా దగ్గరుంది. పేరు, వయసు, బరువు, బీపీ రాసిన వరస కింద 'అలవాట్లు' అని ఒక గడి. అందులో రెండే మాటలు అచ్చేసి ఉన్నాయి: పొగ, మద్యం. రెండింటికీ ఎదురుగా 'లేదు' అని డాక్టరుగారు గీకిన రాత. ఆయన అమ్మని అడగలేదు, నన్నడిగారు. "నాన్నగారు సిగరెట్లు కాలుస్తారా?" లేదండీ, ఆయనకి అలవాటు లేదన్నాను. ఇంతలో అమ్మ, తన నడవడి మీదేదో అనుమానం వచ్చినట్టు, "నాకేం అలవాట్లు లేవు బాబూ, కాఫీ కూడా తాగను" అంది.

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తుంది.

తర్వాత గొట్టంలో ఊదే పరీక్ష. గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా వదలాలి. మొదటి సెకండులో ఎంత గాలి బయటికొచ్చింది, మొత్తం ఎంత వచ్చింది, ఆ రెండింటి నిష్పత్తి చూస్తారు. మందు పీల్చాక కూడా అది 0.7 కన్నా తక్కువుంటే ఊపిరి గొట్టాలు మళ్లీ తెరుచుకోనంతగా ఇరుకైపోయాయని అర్థం. "ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా" అని ఆ పరీక్ష చేసే అమ్మాయి అరుస్తోంది. మూడోసారికి అమ్మ గొట్టం నోట్లోంచి తీసేసి, రొప్పుతూ, "ఊదీ ఊదీనే కదా తల్లీ ఇట్టా అయ్యింది" అంది.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నాకయింది. మా ఇంట్లో పొయ్యి పక్కన మూరెడు ఇనప ఊదుగొట్టం ఉండేది. తడికట్టె రాజుకోకపోతే అమ్మ వంగి, ఒక చెంప నేలకి ఆనించినంత పని చేసి, దాంట్లో ఊదేది. ఊదిన గాలి పొయ్యిలోకి, పొయ్యిలో పొగ ఆమె మొహంలోకి. పదేళ్ల వయసులో పుట్టింట్లో మొదలుపెట్టింది. మా ఇంటికి గ్యాసొచ్చేసరికి నలభై దాటింది. పదేళ్లుగా 'ఉబ్బసం' అని మందులు మింగిస్తున్న జబ్బు పేరు ఆరోజు తెలిసింది: సీవోపీడీ. "మామూలుగా ఇది పొగతాగేవాళ్లకొస్తుంది, మీకెందుకొచ్చిందో" అన్నారు డాక్టరుగారు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఆయన్ని నిందించి చేతులు దులుపుకోవచ్చు. కానీ నేను సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని. నా పరిశోధనాంశం స్త్రీల రచనల్లో వంటిల్లు. విమల 'వంటిల్లు' కవిత మీద పాతిక పేజీలు రాశాను. పి.సత్యవతి 'ఇల్లలకగానే' కథలో తన పేరు తానే మర్చిపోయిన ఇల్లాలి గురించి సెమినార్లలో మాట్లాడాను. వంటిల్లు చెర, వంటిల్లు జీతంలేని చాకిరీ, వంటిల్లు పితృస్వామ్యపు పునాది. ఇవన్నీ నిజాలే, ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. ఆ రచయిత్రులు చెయ్యాల్సిన పని చేశారు. చదివి వ్యాఖ్యానించిన నాలాంటివాళ్లమే పొగ కనబడిన ప్రతిచోటా దానికొక అర్థం చెప్పేశాం: ఊపిరాడనితనం, మసకబారిన జీవితం, ఆవిరైన ఆశలు. పొగ అంటే పొగే అని, అది ఊపిరితిత్తుల్లోకి పోతుందని మాత్రం నా పరిశోధన గ్రంథంలో ఎక్కడా లేదు. ఆ అధ్యాయం రాస్తున్న రోజుల్లో అమ్మ ఫోన్లో రెండు మాటలకొకసారి ఆగి దగ్గేది. "దుమ్మమ్మా" అనేది. సరేనని మళ్లీ రూపకాల్లో పడిపోయేదాన్ని.

పర్యావరణం అనగానే మనకి గుర్తొచ్చేవి చూడండి. భోపాల్. పటాన్‌చెరు వాగులు. నల్గొండ ఫ్లోరైడు నీళ్లు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో జనం మీదికొచ్చిన విషవాయువు. అన్నీ గుర్తుండాల్సినవే. అన్నీ గడప బయటవి. పర్యావరణ సాహిత్య విమర్శ అని ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెబుతున్నాం. నేనూ చెబుతున్నాను. అందులో నది ఉంటుంది, అడవి ఉంటుంది, గని ఉంటుంది. పొయ్యి ఉండదు. గడప లోపలిది ప్రకృతీ కాదు, పరిశ్రమా కాదు, 'ఇల్లు'. ఇంట్లో జరిగేది పర్యావరణ సమస్య ఎలా అవుతుంది? కుటుంబ హింస గురించి ఒకప్పుడు మనకి ఇదే మాట చెప్పేవాళ్లు కదా, ఇంట్లో విషయం అని.

ఇంగ్లీషులో ఎక్స్‌పోజర్ అంటారు, తెలుగులో దానికి సరైన మాట లేదని ఒక మిత్రురాలంది. ఉంది. సోకడం. ఎండ సోకింది, గాలి సోకింది, దయ్యం సోకింది. సోకిన దానికి ఒళ్లు సాక్ష్యం. మా అమ్మకి నలభై ఏళ్లకి దగ్గరగా పొగ సోకింది. ఆ సాక్ష్యం చదివే గడి కేస్ షీటులో లేదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు, నన్ను మండించేది అదే. మనదేశపు తొలి మహిళా హృద్రోగ నిపుణురాలు డాక్టర్ ఎస్.పద్మావతి 1959లోనే ఢిల్లీలో 127 మంది రోగుల మీద ఒక పరిశోధన అచ్చు వేశారు. ఊపిరితిత్తులు చెడి, ఆ భారం గుండె కుడిభాగం మీద పడి, కాళ్లు వాచి ఆసుపత్రికొచ్చిన వాళ్లు. ఈ జబ్బు పొగతాగే మగవాళ్లదని వైద్యం అనుకుంటున్న రోజులు. ఆమె వార్డులో ఆడవాళ్లూ మగవాళ్లతో సమానంగా ఉన్నారు. పిడకలు, కట్టెలు కాల్చే వంటింటి పొగ మీదికి ఆమె దృష్టి పోయింది. 1976లో మళ్లీ ఇదే జబ్బులో ఆడామగా తేడాల మీద రాశారు. 2020లో, 103 ఏళ్ల వయసులో ఆమె చనిపోయారు. మా అమ్మని చూసిన డాక్టరుగారు ఆశ్చర్యపోయింది ఆ పరిశోధన అచ్చయిన అరవై ఏళ్ల తర్వాత.

1981లో మన పార్లమెంటు వాయు కాలుష్య చట్టం చేసింది. ఫ్యాక్టరీ గొట్టాన్ని, మోటారు వాహనాన్ని పట్టించుకుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కిర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఇక్కడి సహచరులతో కలిసి గుజరాత్ పల్లెల్లో వంట చేస్తున్న ఆడవాళ్ల ఒంటికి గాలిని కొలిచే పరికరాలు తగిలించాడు. ఆ ఫలితాలు 1983లో అచ్చయ్యాయి. పెద్ద నగరాల మురికి గాలిని దాటిపోయిన పొగ ఆ చిన్న వంటగదుల్లో దొరికింది. పరికరాన్ని వీధిలో కాక ఆడదాని ఒంటి మీద పెట్టడం, చూడటానికి చిన్న సంగతి. కొలిచే చోటు మారగానే లోకం మారిపోయింది.

మన దగ్గరికే వద్దాం. కల్పనా బాలకృష్ణన్, ఆమె సహచరులు 2004లో ప్రచురించిన అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో నాలుగువందల పైచిలుకు ఇళ్లది. గ్యాసు వాడే ఇళ్లలో ఇరవైనాలుగు గంటల సగటున ఘనపు మీటరుకి 73 మైక్రోగ్రాముల నుసి. కట్టె, పిడకా కాల్చే ఇళ్లలో 732 దాకా. పదింతలు. ఆ నుసి ఎక్కువగా సోకింది వండే ఆడవాళ్లకి, అందులోనూ 15 నుంచి 40 ఏళ్ల వాళ్లకి. మగవాళ్లలో ఎవరికెక్కువో ఊహించండి. 65 నుంచి 80 ఏళ్ల ముసలివాళ్లకి. పనికిపోలేక ఇంట్లో కూర్చున్నాక మగవాడికి కూడా వంటింటి గాలి తగులుతుందన్నమాట! పితృస్వామ్యం మీద ఎన్నో పుస్తకాలు చదివాను గానీ ఇంత సూటిగా చెప్పిన వాక్యం చూళ్లేదు.

కట్టె పూర్తిగా కాలదు. కాలని నుసి వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు, ముప్పయ్యో వంతు ఉంటుంది. ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు, ఊపిరితిత్తుల చివరనున్న గాలిసంచుల దాకా పోతుంది. దాన్ని మింగి బయట పడెయ్యాల్సిన కణాలు మింగలేక చుట్టూ వాపు తెస్తాయి. అది రోజుకి రెండుపూటలా, ఏళ్ల తరబడి జరిగితే గొట్టాల గోడలు మందమైపోతాయి. పొగలోనే కార్బన్ మోనాక్సైడు ఉంటుంది, అది రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. క్యాన్సర్ తెచ్చే బెంజోపైరీన్ ఉంటుంది, సిగరెట్లో ఉన్నదే. పసిపిల్లలకి నెమ్ము. కంట్లో శుక్లాలకీ పొగకీ సంబంధం ఉందని మన దేశంలో, నేపాల్లో చూపించారు. ఇళ్లలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచమంతా కలిపి 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇంత తెలిసీ గడి ఎందుకు లేదు? నేను మళ్లీ మళ్లీ చూసే మాట 'అలవాటు'. అలవాటు వల్ల వచ్చిన జబ్బు రోగి తప్పు. పని వల్ల వచ్చిన జబ్బుకి యజమాని జవాబుదారీ. క్వారీలో రాతిపొడి పీల్చిన వాడికొచ్చే సిలికోసిస్, నూలుమిల్లులో పత్తిదుమ్ము పీల్చిన వాడికొచ్చే బిసినోసిస్, 1923 నాటి కార్మిక పరిహార చట్టంలో వృత్తివ్యాధుల జాబితాలోకి ఎక్కాయి. ఆ పరిహారం నిజంగా ఎందరికి అందుతోందన్నది వేరే కథ. కనీసం జాబితాలో ఉన్నాయి. వంటపొగ అలవాటూ కాదు, పనీ కాదు. ఎందుకంటే వంట పని కాదు కదా! 2001 జనాభా లెక్కలు ఇల్లాళ్లని బిచ్చగాళ్లతో, వేశ్యలతో, ఖైదీలతో కలిపి ఉత్పత్తి చెయ్యనివాళ్ల గుంపులో పెట్టాయని, రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక గృహిణి పరిహారం కేసులో 2010లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. జీతంలేని చాకిరీ అని మనం ముప్ఫై నలభై ఏళ్లుగా అంటున్న మాటకి ఇంకో సగం ఇది. జీతం ఇవ్వకపోవడమే కాదు, ఆ చాకిరీ వల్ల వచ్చిన జబ్బుకి ఊరూ పేరూ కూడా ఇవ్వలేదు.

ఒకవేళ ఇచ్చినా మగవాడి భాషలోనే ఇస్తారు. ఉజ్వల పథకం వచ్చినప్పుడు ఎక్కడ చూసినా ఒక పోలిక: వంటింట్లో పొయ్యి మంట గంటకి 400 సిగరెట్లు కాల్చినట్టు. పోలిక మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. కానీ ఆమె ఊపిరితిత్తులకి జరిగిన నష్టం నష్టంగా కనబడాలంటే దాన్ని సిగరెట్లలోకి మార్చాలా? మగవాడి వ్యసనమే ఇక్కడ కొలబద్ద.

రెండోసారి చూపించడానికి వెళ్లినప్పుడు వేరే డాక్టరు, చిన్నపిల్ల. మళ్లీ అదే ప్రశ్న. అమ్మ నా వైపొకసారి చూసి, "తాగానమ్మా. రెండు పూటలా" అంది. ఆ పిల్ల కలం ఎత్తి ఆగిపోయింది. నేను ఊదుగొట్టం సంగతి చెప్పాను. ఆమె విని, గడి బయట, కాగితం అంచున ఇంగ్లీషులో చిన్నగా రాసింది: కట్టెల పొయ్యి, నలభై ఏళ్లు. ఆ అంచు మీది రాత కంప్యూటర్లో ఎక్కదని నాకు తెలుసు. అయినా ఆమెకి దండం పెట్టాలనిపించింది.

ఇక రుచి గురించి. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా హైవే పొడుగునా 'కట్టెల పొయ్యి వంట' అని బోర్డులు. కార్లు ఆపుకుని మరీ తింటున్నారు. మన కథకుల జ్ఞాపకాల్లో కూడా అమ్మ చేతి పప్పుచారుకి పొగవాసన తప్పదు. ఆ హోటళ్ల వెనక్కి వెళ్లి చూడండి. ఒకచోట చెయ్యి కడుక్కునే నెపంతో వెళ్లాను. రేకుల షెడ్డు, రెండు పెద్ద పొయ్యిలు, ఇద్దరు ఆడవాళ్లు కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని ఉన్నారు. రుచి ముందు గదిలో, దగ్గు వెనక గదిలో. అమ్మ వంట గురించి కన్నీళ్లు పెట్టుకునే సాహిత్యమంతటికీ నాదొక విన్నపం. ఆమె కన్నీళ్లలో పొగవల్ల వచ్చినవి ఎన్నో కాస్త లెక్క చూడండి.

ఈ పొగ అందరు ఆడవాళ్లకీ ఒకటే అని కూడా అనను. వంటిల్లు చెర అని మనం అన్నప్పుడు దళిత రచయిత్రులు 'ఎవరి వంటిల్లు?' అని అడిగారు. పొగ విషయంలోనూ అదే అడగాలి. పల్నాడులో మాది చిన్న రైతు కుటుంబం. మా పొయ్యిలో ఎండిన తుమ్మమొద్దులు కాలేవి. మా చేలోకి కూలికొచ్చే ఆడవాళ్లు సాయంత్రం పోతూపోతూ పత్తికట్టె, మిరపకట్టె మోపుకట్టి నెత్తిన పెట్టుకుపోయేవాళ్లు. లేకపోతే సర్కారుతుమ్మ కంప. వానాకాలం పిడకలు. పత్తిచేలో ఎన్నిసార్లు మందు కొడతారో మన వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. పగలు ఆ మందు కొట్టిన చేలో పని, రాత్రి ఆ కట్టె పొయ్యిలో. మాకు వసారాలో వంట, వాళ్లకి నిద్రపోయే గదే వంటగది. మా అమ్మకి జబ్బు పేరు తెలుసుకోవడానికి పదేళ్లు పట్టింది, పీహెచ్‌డీ చేసిన కూతురుంటే. వాళ్లలో నాకు తెలిసిన ఇద్దరు ఆయాసంతోనే పోయారు. ఆ జబ్బుకి ఏ పేరూ పెట్టలేదు.

పథకాలు లేవా అంటే ఉన్నాయి. పొగలేని పొయ్యిలని 1980ల నుంచి 2002 దాకా ప్రభుత్వం పంచింది. అప్పట్లో గొడవంతా అడవి తరిగిపోతోందని, కట్టె ఆదా కావాలని. ఊపిరితిత్తుల మాట తర్వాతెప్పటికో. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్వల. కనెక్షను ఇచ్చి ఫోటో దిగడం తేలిక, బండ మళ్లీ మళ్లీ కొనడం కష్టం. ఉజ్వల కింద గ్యాసు తీసుకున్నవాళ్లు ఏడాదికి సగటున 3.21 బండలే మళ్లీ నింపించుకున్నారని 2019లో కాగ్ తేల్చింది. మిగతా రోజుల్లో ఏం కాలిందో తెలుస్తూనే ఉంది. 2024లో తెలంగాణలో అయిదువందలకి బండ, ఆంధ్రలో ఏడాదికి మూడు ఉచితం. మంచిదే, ఇంకా ఇవ్వాలి. వద్దనే సంపన్నుల వాదన నాకొద్దు. కానీ బండకి డబ్బు ఎవరి జేబులోంచి రావాలి, కట్టె ఎవరి నెత్తిమీద రావాలి అన్న ప్రశ్న పథకం అడగదు. కట్టెకి డబ్బక్కర్లేదు, ఆడదాని ఒళ్లు చాలు. అందుకే కట్టె 'ఊరికే' వస్తుంది.

ఇంత వాదించి, నాకెదురొచ్చే సంగతి దాచడం న్యాయం కాదు. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో కలిపి దాదాపు 3200 మంది గర్భిణుల మీద పెద్ద పరిశోధన జరిగింది. సగం మందికి గ్యాసు ఉచితంగా ఇచ్చారు, వాళ్లు వాడారు, పొగ బాగా తగ్గింది. కానీ పిల్లల పుట్టుక బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2022లో, పసివాళ్ల తీవ్రమైన నెమ్ము తగ్గలేదని 2024లో ఫలితాలొచ్చాయి. ఇది చూపించి, చూశారా పొగ అంత ప్రమాదం కాదు, గ్యాసు దండగ అనేవాళ్లు తయారవుతారు. వాళ్లకి నా జవాబు: ఏడాదిన్నర మంచి గాలి, పుట్టినప్పటి నుంచి పీల్చిన పొగని కడిగేస్తుందని ఎవరన్నారు? దానికి ఓపిక కావాలి. చైనాలో యునాన్ రాష్ట్రంలోని షువాన్‌వెయ్ చూడండి. అక్కడ ఇంటి మధ్యలో గొట్టంలేని గుంటపొయ్యిలో పొగబొగ్గు కాల్చేవాళ్లు. సిగరెట్టు ముట్టని ఆడవాళ్లకి కూడా ఊపిరితిత్తుల క్యాన్సరు. పొయ్యిలకి గొట్టాలు పెట్టాక ఇరవై వేలకి పైగా మందిని ఏళ్ల తరబడి చూస్తూ వచ్చారు. ఆ క్యాన్సరు 40 శాతానికి పైగా తగ్గిందని 2002లో, సీవోపీడీ కూడా తగ్గిందని 2005లో ప్రకటించారు. గొట్టం పెట్టగానే కాదు, పెట్టిన పదేళ్లకి కనబడింది ఆ తేడా. ఎన్నికలు అయిదేళ్లకోసారి వచ్చే దేశంలో పదేళ్లు ఎవరాగుతారు?

కిందటి సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆశా కార్యకర్త అక్క మా ఇంటికొచ్చింది, బీపీ, షుగరు సర్వేకి. ఆమె చేతిలో ఫారం చూసి ఉలిక్కిపడ్డాను. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరికీ నింపాల్సిన ఆ కాగితంలో, పెద్దాసుపత్రి కేస్ షీటులో లేని ప్రశ్న ఉంది: వంటకి ఏం వాడతారు? కట్టెలు, పంట వ్యర్థాలు, పిడకలు, బొగ్గు, కిరోసిన్, గ్యాసు. వర్తించే వాటన్నిటి చుట్టూ సున్నా చుట్టాలి. అంటే గడి ఉంది! ఉన్నది జీతం అనే మాట లేకుండా, పారితోషికం తీసుకునే ఆడమనిషి సంచిలో. అక్కడి నుంచి ఆసుపత్రి బల్ల మీదికి రాలేదు.

అమ్మ కాగితంలో అక్క అప్పటికే 'గ్యాసు' చుట్టూ సున్నా చుట్టేసింది. ఇప్పుడు వాడేదే కదా అడిగింది. గడిచిన నలభై ఏళ్లకి ఫారంలో చోటు లేదు.

"అక్కా, పెరట్లో నీళ్ల పొయ్యి?" అన్నాను.

స్నానాలకి కాగులో నీళ్లు ఈనాటికీ కట్టెల మీదే కాగుతాయి. బండ తొందరగా అయిపోతుందని నాన్న గొడవ. కాగు కింద కట్టె ఎగదోసేది అమ్మే, ఇన్‌హేలరు కొంగున ముడేసుకుని.

అక్క కొంచెం తటపటాయించింది. "అది వంటకి కాదు కదమ్మా" అంది. అమ్మ వైపు తిరిగి, "ఏం పిన్నీ, అదీ రాయనా?" అని అడిగింది.

"రాయవే" అంది అమ్మ. "మీ ఇంట్లోదీ రాయి."